గ్రీన్ కార్డు చేతిలో లేనప్పుడు ఏ కాగితం నమ్ముకోవాలి: రిసీట్ లెటరా, పాస్‌పోర్టులో స్టాంపా, బోర్డింగ్ ఫాయిలా?

పోయినేడాది మా అమ్మ విజయవాడలో పెళ్లి చూసుకుని తిరిగొస్తుంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్ దగ్గర ఆపేశారు. పదేళ్ల గ్రీన్ కార్డు, దాని మీద తేదీ దాటి మూడు నెలలైంది, రెన్యువల్‌కి అప్లై చేశాం, రిసీట్ కూడా వచ్చింది, కాకపోతే ఆ రిసీట్ ఒరిజినల్ డాలస్‌లో మా ఇంట్లో డ్రాయర్‌లో ఉండిపోయింది. అమ్మ దగ్గరున్నది జిరాక్స్, అదీ నాలుగు మడతలు పెట్టి ఎల్‌ఐసీ వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవర్లో. కౌంటర్‌లో అమ్మాయి కార్డుని వెనకాముందూ తిప్పి చూసి, ఎవరికో ఫోన్ చేసి, పక్కన నిలబడమంది. ముప్పావు గంట నిలబెట్టారు. చివరికి లోపల్నుంచి ఇంకొకాయన వచ్చి ఇది పదేళ్ల కార్డేనా కాదా అని చూసి "దీంతో ఎక్కొచ్చు" అన్నాడు. ఇంటికొచ్చాక అమ్మ ఒక్కటే మాటంది, "నాన్నా, అందరూ చూస్తుంటే దొంగని నిలబెట్టినట్టు నిలబెట్టారు" అని. తప్పు నాది, ఒరిజినల్ ఇచ్చి పంపాల్సింది నేను.

అప్పట్నుంచి తెలిసినవాళ్లెవరు అడిగినా ఈ విషయం కూర్చోబెట్టి చెప్తున్నా, అందుకే ఇప్పుడు అంతా ఒక్కచోట రాసి పెడుతున్నా. ఇదంతా అమెరికా సంగతే, కెనడా పీఆర్ కార్డు వాళ్ల రూల్స్ వేరే.

ముందు ఒక్కటి గట్టిగా పట్టుకోండి. స్టేటస్ వేరు, కార్డు వేరు. పదేళ్ల కార్డు మీద తేదీ అయిపోతే అయిపోయింది కార్డే, మీ పర్మనెంట్ రెసిడెన్సీ కాదు. కార్డు పోయినా అంతే. కానీ పెళ్లి ద్వారా వచ్చే రెండేళ్ల కండిషనల్ కార్డు వాళ్లకి ఈ ధీమా లేదు, వాళ్లు ఐ-751 (ఆ కండిషన్ తీసేయమని అడిగే ఫారం) టైముకి వెయ్యకపోతే స్టేటస్సే పోతుంది. ఈ తేడా తెలీక రెండేళ్ల కార్డు వాళ్లు "ఏం కాదులే, తర్వాత రెన్యూ చేస్కోవచ్చు" అనుకుంటే ఘోరంగా దెబ్బతింటారు.

## ఎంచుకునే ముందు ఈ నాలుగు చూస్కోండి

అందరూ నేరుగా "స్టాంపు వేయించుకోవాలా?" అని మొదలెడతారు. అది చివర్లో అడగాల్సిన ప్రశ్న.

చేతిలో ఏముంది? కార్డు ఉండి డేటు అయిపోయిందా, కార్డే పోయిందా, అసలు ఇంకా రాలేదా. సగం జవాబు ఇక్కడే తేలిపోతుంది, ఎందుకంటే రిసీట్ లెటర్ అనేది ఒంటరిగా పనిచెయ్యదు, దానికి పాత కార్డు జోడీ ఉండాలి.

మీరు ఇప్పుడు ఎక్కడున్నారు? అమెరికాలో ఉంటే దారులు చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉండగా కార్డు పోతే దారి దాదాపు ఒక్కటే.

ఎవరికి చూపించాలి? నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. హెచ్ఆర్ వాళ్లకి సరిపోయేది డీఎంవీలో (డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చే ఆఫీసు) కుదరకపోవచ్చు, డీఎంవీలో నడిచింది ఎయిర్‌లైన్ కౌంటర్‌లో అనుమానంగా చూడొచ్చు, అమెరికా అధికారులు ఒప్పుకున్నది మధ్యలో ఫ్లైట్ మారే దేశం ఒప్పుకోకపోవచ్చు.

ఎన్నాళ్లు నడవాలి, దానికి ఎంత తిరగాలి? కొన్ని కాగితాలు నాలుగేళ్లు నడుస్తాయి, కొన్ని నెల రోజులే.

| కాగితం | ఎవరికి | ఎన్నాళ్లు | ఖర్చు | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|---|
| డేటైపోయిన కార్డు + ఐ-90 (కార్డు రెన్యువల్‌కి, పోతే కొత్తదానికి వేసే ఫారం) రిసీట్ | రెన్యువల్ వాళ్లు | కార్డు తేదీ నుంచి 36 నెలలు | ఆన్‌లైన్లో 415 డాలర్లు, పేపర్ మీద 465 | కార్డు పోతే పనికిరాదు |
| డేటైపోయిన కార్డు + ఐ-751 రిసీట్ | రెండేళ్ల కార్డు వాళ్లు | 48 నెలలు | 750 డాలర్లు | టైముకి వెయ్యకపోతే స్టేటస్సే పోతుంది |
| డేటైపోయిన కార్డు + ఎన్-400 రిసీట్ | సిటిజన్‌షిప్‌కి వేసినవాళ్లు | 24 నెలలు | ఆన్‌లైన్లో 710, పేపర్ మీద 760 | కార్డు పోతే ఐ-90 కూడా వెయ్యాలి |
| ఐ-551 స్టాంపు (పాస్‌పోర్టులో వేసే తాత్కాలిక గ్రీన్ కార్డు ముద్ర) | కార్డు లేనివాళ్లు, రానివాళ్లు | మహా అయితే ఏడాది | ఫీజు లేదు | అపాయింట్‌మెంట్ దొరకాలి |
| ముద్ర పడ్డ ఇమిగ్రెంట్ వీసా | కొత్తగా దిగినవాళ్లు | దిగిన రోజు నుంచి ఏడాది | కార్డు కోసం 235 డాలర్లు | ఏడాది దాటితే చెల్లదు |
| బోర్డింగ్ ఫాయిల్ (ఫ్లైట్ ఎక్కడానికి పాస్‌పోర్టులో అంటించే అనుమతి), దానికి వేసే ఫారం ఐ-131ఏ | ఇండియాలో ఇరుక్కున్నవాళ్లు | మామూలుగా 30 రోజుల లోపు, ఒక్కసారి | 575 డాలర్లు | ప్రయాణానికే, ఇంకెక్కడా పనికిరాదు |

ఫీజులు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన పట్టికవి. కట్టేముందు యూఎస్‌సీఐఎస్ (అమెరికాలో ఇమిగ్రేషన్ అప్లికేషన్లు చూసే ప్రభుత్వ సంస్థ) సైట్లో ఒకసారి చూస్కోండి, అవి మారుతుంటాయి.

## రిసీట్ లెటర్: చాలామందికి ఇదే చాలు

ఐ-90 వేస్తే వచ్చే రిసీట్ నోటీసులోనే "మీ కార్డు ఇన్ని నెలలు పొడిగించాం" అని రాసి ఉంటుంది. ఒకప్పుడు 12 నెలలిచ్చేవాళ్లు, 2022 సెప్టెంబర్‌లో 24 చేశారు, 2024 సెప్టెంబర్ 10 నుంచి 36 చేశారు. ఆ 36 నెలలు లెక్కపెట్టేది రిసీట్ వచ్చిన రోజు నుంచి కాదు, కార్డు ముందువైపు ఉన్న ఎక్స్‌పైరీ డేట్ నుంచి. అంటే కార్డు 2025 జూన్‌లో అయిపోతే 2028 జూన్ దాకా. ఎవరో గ్రూపులో చెప్పిన నంబరు కాదు, మీ చేతిలో ఉన్న లెటర్ మీద ఏ నంబరుంటే అదే మీది, అది మాత్రం మర్చిపోకండి.

రెండేళ్ల కార్డు వాళ్లకి ఐ-751 రిసీట్ మీద 48 నెలలు ఇస్తున్నారు, 2023 జనవరి నుంచి. భార్యాభర్తలు కలిసి వేసేటప్పుడు కార్డు తేదీకి ముందు 90 రోజుల్లోపే వెయ్యాలి, మరీ ముందే వేస్తే తిప్పి పంపుతారు.

ఎన్-400 సంగతి చాలామందికి తెలీదు. 2022 డిసెంబర్ 12 నుంచి సిటిజన్‌షిప్‌కి అప్లై చేసినవాళ్లకి ఆ రిసీట్ మీదే గ్రీన్ కార్డు 24 నెలలు పొడిగిస్తున్నారు, విడిగా ఐ-90 వెయ్యక్కర్లేదు. అంతకుముందు కార్డు తేదీకి ఆర్నెల్ల ముందు ఎన్-400 వెయ్యకపోతే రెండు ఫీజులూ కట్టాల్సొచ్చేది. కాబట్టి కార్డు అయిపోవస్తోంది, సిటిజన్‌షిప్ తీస్కోవాలని ముందే అనుకున్నారు, అర్హత కూడా ఉంది అంటే నేరుగా ఎన్-400 వెయ్యండి, 415 డాలర్లు మిగుల్తాయి. అయితే ఇండియన్ పాస్‌పోర్టు వదులుకోవడం ఇష్టం లేనివాళ్లు, ఊళ్లో పొలం సంగతి ఇంకా తేలనివాళ్లు, అర్హత లెక్క దగ్గర అనుమానం ఉన్నవాళ్లు, ముఖ్యంగా మధ్యలో ఆర్నెల్లకి పైగా ఇండియాలో ఉండొచ్చినవాళ్లు, కేవలం ఆ డబ్బుల కోసం తొందరపడొద్దు, ఐ-90 వేసి నిదానంగా ఆలోచించుకోండి.

ఈ లెటర్లో మంచి సంగతి, ఎక్కడికీ తిరగక్కర్లేదు, అదే ఇంటికొస్తుంది. చెడ్డ సంగతేంటంటే చూసేవాడికి అది మామూలు కాగితంలా కనిపిస్తుంది. కార్డు మీద పోయిన తేదీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది, లెటర్లో పొడిగింపు లైను మాత్రం పేరాగ్రాఫ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. నేనైతే ఒరిజినల్‌ని ముట్టుకోకుండా, ఒక జిరాక్స్ మీద ఆ లైనుకి హైలైటర్ గీసి రెండూ కలిపి ఒకే ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి ఇస్తున్నా అమ్మకి. కౌంటర్‌లో వాళ్లు వెతుక్కునే పని ఉండదు.

## ఐ-551 స్టాంపు: ఎవరికి నిజంగా కావాలి

దీన్నే ఏడిట్ స్టాంపు అని కూడా అంటారు. యూఎస్‌సీఐఎస్ ఫీల్డ్ ఆఫీసుకి వెళ్తే పాస్‌పోర్టులో ముద్ర వేసి తేదీ రాసిస్తారు, మహా అయితే ఏడాది, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ. మనవాళ్లలో దీనిమీద ఒక మోజుంది, పాస్‌పోర్టులో ముద్ర పడితే గట్టి కాగితం అని. గట్టిదే, కాదనను. కానీ రిసీట్ లెటరూ పాత కార్డూ రెండూ ఉన్నవాళ్లు దీనికోసం నెలల తరబడి ఫోన్లు పట్టుకుని కూర్చోవడం నాకు అనవసరం అనిపిస్తుంది. కావాల్సింది వీళ్లకి:

- కార్డు పోయినవాళ్లు, దొంగతనం అయినవాళ్లు. వీళ్లకి పాత కార్డే లేదు కాబట్టి రిసీట్‌కి జోడీ లేదు.
- ఐ-485 (అమెరికాలో ఉండగానే గ్రీన్ కార్డుకి వేసే అప్లికేషన్) అప్రూవ్ అయ్యి కార్డు ఇంకా రానివాళ్లు, ఈలోపు అర్జెంటుగా ఇండియా వెళ్లాల్సినవాళ్లు.
- కార్డు పోస్టులో గల్లంతైనవాళ్లు.
- రిసీట్‌లో ఇచ్చిన నెలలు కూడా అయిపోయి ఇంకా కొత్త కార్డు రానివాళ్లు.

ప్రాసెస్ ఇది. యూఎస్‌సీఐఎస్ కాంటాక్ట్ సెంటర్‌కి 1-800-375-5283 కి ఫోన్ చెయ్యాలి. ముందు మెషీన్ మాట్లాడుతుంది, ఓపిగ్గా దాటితే మనిషి దొరుకుతారు, పర్మనెంట్ రెసిడెంట్ అని చూపడానికి తాత్కాలిక ఆధారం కావాలని చెప్పాలి, వాళ్లు రిక్వెస్ట్ రాసుకుంటారు, తర్వాత ఇంకో ఆఫీసర్ తిరిగి ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ ఏ నంబరు నుంచొస్తుందో తెలీదు కాబట్టి ఆ రోజుల్లో తెలీని నంబరని కట్ చెయ్యకండి, మా తమ్ముడు అలాగే ఒకసారి పోగొట్టుకుని మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టాడు. ఆన్‌లైన్లో అపాయింట్‌మెంట్ అడిగే ఫారం కూడా ఉంది. వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, ఐ-90 రిసీట్ ఉంటే అది, అపాయింట్‌మెంట్ నోటీసు, ఫోటో, ప్రయాణం ఉంటే టికెట్, కార్డు దొంగతనమైతే పోలీస్ రిపోర్టు పట్టుకెళ్లండి. ఇంట్లో ఎవరికో సీరియస్‌గా ఉండి వెళ్లాల్సొస్తే హాస్పిటల్ లెటర్ కూడా దగ్గర పెట్టుకోండి, అర్జెంటు అని చెప్పడానికి నోటి మాట కన్నా కాగితం నయం.

2023 మార్చి నుంచి ఇంకో దారొచ్చింది. ఫీల్డ్ ఆఫీసుకి వెళ్లకుండానే ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు) ఫారం మీద స్టాంపు, మీ ఫోటో, సీలు వేసి మెయిల్లో పంపిస్తారు. ఫోన్‌లో ఆఫీసర్ మీ అడ్రస్, ఫోటో తమ దగ్గర సరిగ్గా ఉన్నాయా చూసుకుని నిర్ణయిస్తారు. ఉద్యోగం కోసం, లైసెన్స్ కోసం అయితే ఇది హాయి. ఇండియా ప్రయాణం ఉందంటే మాత్రం నా సలహా, పాస్‌పోర్టులోనే వేయించుకోడానికి గట్టిగా అడగండి, ఎయిర్‌లైన్ వాళ్ల కళ్లకి అలవాటైంది అదే.

ఇంకొకటి, పాస్‌పోర్టు రెన్యువల్ దగ్గర్లో ఉంటే ముందు అది చేసుకుని తర్వాత స్టాంపు. స్టాంపు పడ్డాక పాస్‌పోర్టుని రెన్యువల్‌కి పంపితే అది తిరిగొచ్చేదాకా మీ దగ్గర ఆధారమే ఉండదు. ఆల్రెడీ అలా జరిగిపోతే, క్యాన్సిల్ అయి తిరిగొచ్చిన పాత పాస్‌పోర్టుని పడెయ్యకండి, ఆ స్టాంపు పేజీ ఉన్నది అందులోనే, రెండూ కలిపే పట్టుకెళ్లాలి.

## అమ్మానాన్నల్ని తెచ్చుకున్నవాళ్లకి: వీసా పేజీయే ఏడాది గ్రీన్ కార్డు

సిటిజన్ అయ్యాక తల్లిదండ్రులకి వేస్తే ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, పాస్‌పోర్టులో ఇమిగ్రెంట్ వీసా. ఇక్కడ దిగిన రోజు ఎయిర్‌పోర్టులో సీబీపీ (అమెరికా సరిహద్దుల దగ్గర చెక్ చేసే సంస్థ) ఆఫీసర్ ముద్ర వేశాక ఆ వీసా పేజీయే ఏడాది పాటు తాత్కాలిక ఐ-551 అవుతుంది, ఆ మాట వీసా మీద ప్రింటయ్యే ఉంటుంది. అందుకని వీళ్లకి స్టాంపు కోసం పరుగులొద్దు. 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు కట్టారా లేదా అన్నది మాత్రం చూస్కోండి, అది కట్టకపోతే కార్డు తయారే కాదు. దిగిన రోజు, ఫీజు కట్టిన రోజు, రెండిట్లో ఏది తర్వాతైతే అక్కణ్నుంచి 90 రోజుల్లోపు కార్డు రావాలి.

మనవాళ్ల ఇళ్లలో జరిగేదేంటంటే, నాన్నగారు రెండు నెలలుండి "నాకిక్కడ పొద్దుపోవట్లేదురా, తోట చూసుకోవాలి" అని వెళ్లిపోతారు, కార్డు ఆ తర్వాత వస్తుంది. ఫరవాలేదు. ముద్ర పడ్డ వీసా మీద ఏడాదిలోపు తిరిగి రావచ్చు. కార్డు వచ్చాక తెలిసినవాళ్లెవరైనా వెళ్తుంటే పంపించండి. కానీ ఆ ఏడాది తేదీని క్యాలెండర్‌లో పెట్టుకోవాల్సింది పిల్లలే, పెద్దవాళ్ల మీద వదిలెయ్యొద్దు. అది దాటితే ఆ వీసా పేజీ చెల్లదు, పైగా ఏడాదికి పైగా బయటుంటే అసలు స్టేటస్ మీదే ప్రశ్నలొస్తాయి.

కార్డు గల్లంతవడంలో నేను ఎక్కువసార్లు విన్న కారణం పోస్టు డబ్బానే. అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్స్ మీద కొడుకు పేరుంటుంది, కవర్ మీద అమ్మ పేరు, అమ్మ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉండిపోతే రెండిటికీ పోలికే ఉండదు, పోస్టుమాన్ ఈ పేరువాళ్లు ఇక్కడ లేరని వెనక్కి పంపేస్తాడు. మెయిల్‌బాక్స్ తలుపు లోపలివైపు అమ్మానాన్నల పూర్తి పేర్లు రాసిన చీటీ అంటించండి, అమ్మ వచ్చినప్పుడు మేం అదే చేశాం. ఇల్లు మారితే పోస్టాఫీసు వాళ్ల ఫార్వర్డింగ్‌ని నమ్ముకోవద్దు, యూఎస్‌సీఐఎస్‌లో అడ్రస్ మార్చాలి, మారిన పది రోజుల్లోపు మార్చాలని రూలు కూడా.

## ఇండియాలో ఉండగా కార్డు పోతే

ఇక్కడ కంగారుపడి తప్పు పనులు చేసేది ఎక్కువ. ముందు చూడాల్సింది, కార్డు పోయిందా లేక డేటు మాత్రమే అయిందా. పదేళ్ల కార్డు డేటైపోయి చేతిలోనే ఉంటే మామూలుగా బోర్డింగ్ ఫాయిల్ అక్కర్లేదు, ఎక్కించుకోవచ్చని ఎయిర్‌లైన్లకి సీబీపీయే చెప్పి ఉంచింది, మా అమ్మ ఎక్కగలిగింది అందుకే. రెండేళ్ల కార్డు అయితే ఐ-751 రిసీట్ కూడా చూపించాలి. అయినా కౌంటర్‌లో ఉన్న మనిషికి ఆ సంగతి తెలిసి ఉండాలి కదా, అందుకే ప్రయాణానికి వారం ముందే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి అడిగి, వీలైతే ఈమెయిల్లో జవాబు తీసుకోండి.

కార్డే పోతే ఐ-131ఏ. ముందు ఆన్‌లైన్లో 575 డాలర్లు కట్టి, ఆ రసీదు పట్టుకుని స్వయంగా అమెరికన్ కాన్సులేట్‌కి వెళ్లాలి, ఏ కాన్సులేట్ ఎలా అపాయింట్‌మెంట్ ఇస్తుందో వాళ్ల సైట్లో చూసుకోండి. వాళ్లు పాస్‌పోర్టులో ఫాయిల్ అంటిస్తారు, దాన్ని చూసి ఎయిర్‌లైన్ ఎక్కించుకుంటుంది. అది గ్రీన్ కార్డు కాదు, ఫ్లైట్ ఎక్కడానికి అనుమతి మాత్రమే. ఇక్కడికొచ్చాక మళ్లీ ఐ-90 వెయ్యాల్సిందే. ఒక షరతుంది, అమెరికా నుంచి బయటకొచ్చి ఏడాది లోపే ఉండాలి, రీఎంట్రీ పర్మిట్ (ఏడాదికి మించి బయట ఉండాల్సినవాళ్లు ముందే తీసుకునే అనుమతి) ఉన్నవాళ్లకైతే రెండేళ్ల లోపు. అంతకన్నా ఎక్కువైతే ఈ ఫారం పనికిరాదు, రిటర్నింగ్ రెసిడెంట్ వీసా, అంటే ఎస్‌బీ-1 దారి, అది కష్టమైనది, ముందు లాయర్‌తో మాట్లాడండి.

కొత్త కార్డు ఎవరో తెచ్చిస్తారని ఇండియాలో కూర్చుని ఐ-90 వేసి ఎదురుచూడకండి. నెలలు గడిచిపోతాయి, ఈలోపు ఆ ఏడాది గడువు దగ్గరకొచ్చేస్తుంది.

## హెచ్-1బీ నుంచి గ్రీన్ కార్డుకి మారినవాళ్లు

పదేళ్లు, పన్నెండేళ్లు క్యూలో ఎదురుచూసి అప్రూవల్ మెసేజ్ వచ్చిన రాత్రి నిద్రపట్టదు, నాకు తెలుసు. మర్నాడే తిరుపతి వెళ్లాలనిపిస్తుంది. ఆగండి. అప్రూవల్ నోటీసు ఒక్కటే పట్టుకుని దేశం దాటొద్దు. దానికన్నా ప్రమాదం, పాస్‌పోర్టులో హెచ్-1బీ వీసా ఇంకా ఉంది కదా, దాని మీద తిరిగొచ్చేద్దాం అనుకోవడం. ఐ-485 అప్రూవ్ అయిన రోజు నుంచి మీరు పర్మనెంట్ రెసిడెంట్, హెచ్-1బీ అక్కడితో అయిపోయింది, పాత వీసా మీద లోపలికి రావడం కుదరదు. కార్డు వచ్చేదాకా ఆగండి, ఆగలేకపోతే పాస్‌పోర్టులో స్టాంపు వేయించుకుని వెళ్లండి.

కొత్త ఉద్యోగంలో చేరుతుంటే అసలు స్టాంపు అవసరమే రాకపోవచ్చు. ఐ-9 (పని చేసే అర్హత ఉందని కంపెనీ చూసుకునే) ఫారంకి గ్రీన్ కార్డే చూపించాలని రూలు లేదు, ఏ డాక్యుమెంట్లు చూపించాలో ఎంచుకునేది ఉద్యోగి, కంపెనీ కాదు. డ్రైవింగ్ లైసెన్సూ, ఆంక్ష లేని సోషల్ సెక్యూరిటీ కార్డూ కలిపి ఇస్తే సరిపోతుంది. ఇక్కడే మనవాళ్లకి ఒక చిక్కు, హెచ్-1బీలో తీసుకున్న సోషల్ కార్డు మీద డీహెచ్ఎస్ (అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ) అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందని లైను ప్రింటై ఉంటుంది, అది ఐ-9కి చెల్లదు. గ్రీన్ కార్డు చేతికి రాగానే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లి ఆ లైను లేని కార్డు తీసుకోండి, ఫ్రీయే, రేప్పొద్దున గ్రీన్ కార్డు పోయినా ఉద్యోగం దగ్గర గుండె అదరదు.

కార్డు పోయిందని ఐ-90 వేస్తే ఆ రిసీట్ ఐ-9కి 90 రోజులు పనికొస్తుంది, ఆ లోపు అసలు కార్డో ఇంకేదైనా చెల్లే డాక్యుమెంటో చూపించాలి. డేటైపోయిన కార్డూ ఐ-90 లెటరూ రెండూ ఉన్నవాళ్లకి ఈ 90 రోజుల గొడవ లేదు. పాస్‌పోర్టులో స్టాంపు చూపించి చేరితే అది కూడా చెల్లుతుంది, కాకపోతే స్టాంపు తేదీ అయిపోయినప్పుడు హెచ్ఆర్ మళ్లీ అడుగుతుంది. అదే గ్రీన్ కార్డు చూపించి చేరినవాళ్లని కార్డు డేటైపోయిందని మళ్లీ అడగకూడదు, అడిగితే మర్యాదగా ఆ మాట చెప్పండి.

## ఫ్లైట్ ఎక్కడ మారుతున్నారు

హైదరాబాద్ నుంచి అమెరికాకి దాదాపు అందరం మధ్యలో ఎక్కడో మారాల్సిందే, ఈ విషయం మాత్రం ఎవరూ ముందు ఆలోచించరు. అమెరికా నియమం అమెరికాకే, మధ్యలో దేశానికి దాని నియమం దానికుంది.

లండన్ ఉదాహరణ తీసుకోండి. ఇండియన్ పాస్‌పోర్టు మీద ట్రాన్సిట్ వీసా లేకుండా మారాలంటే గ్రీన్ కార్డు చూపిస్తారు. బ్రిటన్ రూల్స్‌లో డేటైపోయిన గ్రీన్ కార్డుకి పొడిగింపు ఐ-797 లెటర్ (అదే మన రిసీట్ నోటీసు) జోడిస్తే ఒప్పుకుంటారు, కానీ పాస్‌పోర్టులో ఇంకుతో వేసిన ఐ-551 స్టాంపు ఒప్పుకోరు. అంటే అందరూ గట్టిదనుకునే స్టాంపు అక్కడ చెల్లదు, మామూలు కాగితం అనుకునే లెటర్ చెల్లుతుంది. స్టాంపు మీద వెళ్లేవాళ్లు లండన్ టికెట్ చవగ్గా వచ్చిందని కొనెయ్యకండి. దుబాయ్, దోహా, అబుదాబి లాంటి చోట్ల ఎయిర్‌పోర్టు దాటకుండా మారితే ఈ తలనొప్పి తక్కువ. అబుదాబిలో ఇంకో సౌకర్యం, అమెరికా ఇమిగ్రేషన్ చెకింగ్ అక్కడే అయిపోతుంది, ఏదైనా అనుమానం వస్తే సీబీపీ ఆఫీసర్ అక్కడే చూస్తాడు. మీ టికెట్ ఏ దేశం మీదుగా ఉంటే ఆ దేశం ప్రభుత్వ సైట్లో టికెట్ కొనకముందే చూడండి, ఈ రూల్స్ మారుతుంటాయి.

రీఎంట్రీ పర్మిట్ గురించి కూడా అడుగుతుంటారు. అది ఏడాదికి మించి ఇండియాలో ఉండాల్సినవాళ్లకి, అమెరికాలో ఉండగానే అప్లై చెయ్యాలి. కార్డు పోయిందనో లేటవుతోందనో దానికోసం వెళ్లక్కర్లేదు.

## నన్నడిగితే

డేటైపోయిన పదేళ్ల కార్డూ రిసీటూ రెండూ ఉన్నాయా, అక్కడితో ఆగండి, ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. కార్డు లేదు, ప్రయాణం లేదు, మెయిల్లో వచ్చే ఐ-94 స్టాంపు అడగండి. కార్డు లేదు, ప్రయాణం ఉంది, పాస్‌పోర్టులో స్టాంపు, లండన్ కాకుండా వేరే రూటు. రెండేళ్ల కార్డు అయితే ఇవన్నీ తర్వాత, ముందు ఐ-751 తేదీ చూడండి. అరెస్టులు, పాత కేసులు, లాంగ్ గ్యాప్‌లు ఏవైనా ఉంటే నా మాటా ఇంకెవరి మాటా వినకండి, ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరకెళ్లండి, అక్కడ పెట్టే డబ్బు దండగ కాదు.

పద్దెనిమిదేళ్లు దాటిన పర్మనెంట్ రెసిడెంట్ ఎప్పుడూ ఆధారం దగ్గర ఉంచుకోవాలని చట్టంలోనే ఉంది, అది అమ్మమ్మలకీ తాతయ్యలకీ కూడా వర్తిస్తుంది. సాయంత్రం పార్కులో వాకింగ్‌కి వెళ్లినా సరే. మా అమ్మ ఇప్పుడు కార్డుని చిన్న పర్సులో పెట్టుకుని మెళ్లో వేసుకుంటోంది, లెటర్ జిరాక్స్ ఒకటి నాలుగు మడతలు పెట్టి అందులోనే. ఒరిజినల్ ఫోల్డర్ మాత్రం సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో.